రిమార్కులు

పులియాంతోపులో ఐసు ఫ్యాక్టరీ మూతపడ్డాక
ఆ షెడ్డునే బడి చేశారు.
గోడల్లో చలి ఇంకా ఉందంటారు పిల్లలు,
ఎండాకాలం చెంపలు ఆనించి చూస్తారు.
నేనూ ఆనించాను.
చెంపకి సున్నం అంటింది.

డబ్బిచ్చే కంపెనీ పంపితే వచ్చాను.
నాలుగు రోజులు, నలభై రెండు ఫారాలు,
తిప్పి తిప్పి ఒకటే ప్రశ్న:
మామూలు బడి వదిలేసినవాళ్ళకి
ఈ బడి పనికొస్తోందా?
అవును. కాదు. కొంతవరకు.
టిక్కు పెట్టే గడి నా చిటికెన గోరంత.

వయసు దగ్గరే ఆగిపోయాం.
"పదారో పదిహేడో రాసుకోక్కా,
ఆధార్లో ఒకటుండాది, మాయమ్మ నోట్లో ఒకటుండాది"
అన్నాడు ఏసుమణి.
కార్పొరేషన్ చెత్తబండి వెంట
మూడు తరాలు నడిచిన తెలుగు వాడిది.
నా తెలుగు విని నవ్వాడు:
"టీవీలో మాదిరి మాట్లాడతా ఉండావే!"

బడి ఎందుకు మానావు?
ఆరు కారణాలు అచ్చేసి ఉన్నాయి.
వాడు చెప్పింది ఏడోది.
ఎనిమిదో తరగతిలో డ్రైనేజీ పొంగింది.
సారు క్లాసంతా ఒకసారి కలయజూసి
వీడి పేరు పిలిచాడు.

అమలోర్పవం టీచరు రిజిస్టరు తెచ్చింది.
పాసైన పేర్ల పక్కన పచ్చసిరా.
మానేసినవాళ్ళ పక్కన ఏమీ రాయదట,
రేపు తిరిగొస్తే చూసుకుని నొచ్చుకుంటారని.

సెల్వరాణి, మూడొందల ఎనభై మార్కులు, పచ్చసిరా.
పారిస్ కార్నర్‌లో చీరల కొట్టు,
పన్నెండు గంటలు నిలబడే ఉండాలి.
నాగూర్ మీరాన్, పరీక్షకే పోలేదు, ఖాళీ.
పంక్చర్ షాపు పెట్టుకున్నాడు.
శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి
బడి ఫ్యాన్లు తుడిచి వెళ్తాడు, ఎవరూ అడక్కుండానే.
దీనదయాళన్, లెక్కల్లో తొంభై ఒకటి, పచ్చసిరా.
ఫిబ్రవరి నుంచి పుళల్ జైల్లో.
ఆ పేరు మీంచి టీచరు వేలు తియ్యలేదు.
"లెక్కలు నేనే చెప్పాను" అంది.
ఆ తర్వాత పేజీ తిప్పింది నేనే.

పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు కావాలన్నారు:
ఇవే వీధులు, ఇదే వయసు, ఈ బడికి రానివాళ్ళు.
బస్సు డిపో వెనకా, కాశిమేడు చేపల హార్బరులోనూ వెతికాను.
ఒకడు ఫోన్లోంచి తల ఎత్తలేదు.
ఒకమ్మాయి తలుపు సందులోంచి ఫారం అందుకుని
చంకలో బిడ్డకి దాంతోనే విసిరింది.
నాకు నిజంగా దొరకాల్సినవాడు
ఈ గడప తొక్కని ఏసుమణి.
వాడి అడ్రసు ఎవరినడగాలి?

ఆఖరి రోజు మోకాలిలోతు వాన.
పంతొమ్మిది మంది వచ్చారు.
ఏసుమణి పది దాటాక వచ్చి,
చొక్కా పిండుకుంటూ,
"మేం పాసా?" అన్నాడు.
పరీక్ష మీకు కాదురా అన్నాను.
"మరి బడి పాసా?"
పెన్ను వాడి చేతికిచ్చి
రిమార్కుల గడి చూపించాను, నీకు తోచింది రాయమని.
చాలాసేపు రాశాడు.
పెన్ను తిరిగివ్వలేదు.

సెంట్రల్లో రైలెక్కాక చూశాను, అరవ లిపి.
ఎదురు సీటు పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని
కూడబలుక్కుంటూ చదివి
"ఇది తమిళం కాదమ్మా" అన్నాడు.
చదవమన్నాను, మళ్ళీ ఒకసారి.
అక్షరం ఆయనది, మాట నాది,
గుమ్మిడిపూండి దాకా ఆ ఒక్క వాక్యమే:

"ఈడ హాజరుకి మాత్రమే నా పేరు పిలస్తారు."

గడి చాల్లేదు వాడికి.
చివరి రెండు మాటలు
పక్క గడిలోకి పోయాయి.
అక్కడ నేను శాతం వెయ్యాలి.