తిరగేసిన పన్ను

మా అత్త తూదా బల్ల మీద
పదకొండు ఖాళీ సార్డీన్ డబ్బాలు.
పైన వెండి చేప బొమ్మ,
లోపల ఎర్రమట్టి రాలుతున్న చేప పళ్ళు.
తావూజ్ దాటాక పీఠభూమి అంచున
మగవాళ్ళు పొట్ట మీద పాకుతూ తవ్విన సొరంగాల్లోంచి
సంచుల్లో వచ్చేవి, కిలోల లెక్కన.

"పళ్ళంటారు గానీ ఇద్దెర్,
ఇవేవీ ఏదీ నమల్లేదు.
ముక్కుకి మొలిచిన రంపానివి.
బురదనీళ్ళలో తల అటూ ఇటూ విసిరి కొట్టడానికి.
తిన్న పళ్ళు వేరే ఉన్నాయి" అని
జల్లెడ అడుగు దుమ్ముని మెల్లగా ఊది
వేలికొసన చూపించేది: నువ్వుగింజంత.
నోట్లో నువ్వుగింజ నానదంటారు.
ఇది తొమ్మిదిన్నర కోట్ల ఏళ్ళు నానింది,
ఒక్క మాటా బయటపెట్టకుండా.

మొదటి డబ్బాలో కొన నిలిచినవి, తేనె రంగువి,
వెనక అంచున ఒక్క కొక్కెం.
రెండోదాంట్లో విరిగినవి.
విరుపు నున్నగా అరిగి ఉంటే చేపే విరగ్గొట్టుకుంది,
గరుకుగా ఉంటే మా హమ్ము గునపం.
పళ్ళూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేం, అనేవాణ్ణి.
అత్త నవ్వేది కాదు.
"ఏ రాయో తెలియాలి. అదే కదా మన పని."

తర్వాతిది ఉట్టి వేళ్ళది,
నిలువు గాడులతో, అరిగిన చీపురు మొదళ్ళలా.
నాలుగో డబ్బా దగ్గర ఆమె చెయ్యి ఆగేది.
రెండు కొక్కేలున్నవి.
వేరే జాతా? అదే చేపకి మరో చోట మొలిచినవా?
రబాత్ నుంచి వచ్చినాయన వేరన్నాడు.
మరుసటేడు వచ్చినావిడ ఒకటే అంది.
ఇద్దరికీ టీ పోసింది అత్త.
ఆ డబ్బాకి మూత మాత్రం పెట్టలేదు.

ఇప్పటి రంపపు చేపకి పన్ను పోతే పోయినట్టేనట.
వీటికి ఊడిన చోట కొత్తది
పడుకుని మొలిచి మెల్లగా లేచి నిలబడేదట.
"అందుకే ఇన్ని" అనేది సంచి కుదిపి.
"ఎన్ని చేపలో అనుకోకు. ఎన్నిసార్లో అనుకో."

పదమూడేళ్ళకి నాకు నాలుకతో చూడటం నేర్పింది.
పన్ను వేరు నాలుకని పట్టుకుంటుంది.
జిగురు పట్టుకోదు.

జిగురెందుకంటే,
ఎర్ఫూద్ దుకాణం సీ బెన్నాసర్‌కి విడి పళ్ళు అక్కర్లేదు,
రంపం కావాలి. మీటరు పొడవుది, గోడకి తగిలించేది.
అలాంటిది నేల ఎప్పుడో గానీ ఇవ్వదు.
అత్త ఇచ్చేది.
సున్నం, జిగురు, ఎర్ర ఇసుక, రంగు కోసం టీ డికాక్షన్.
పళ్ళు మాత్రం అసలువే, ఎనభై చేపలవి.
ఎప్పుడూ ఒకదాన్నొకటి చూడని చేపలు
ఒకే ముక్కున వరసకట్టేవి.
కొక్కేలన్నీ వెనక్కి. అలాగే ఉండాలి.
ఎడమ వరసలో ఏడోది మాత్రం ముందుకి.

తిరగేసి పెట్టావు, అన్నాను.
"తెలుసు" అంది, వేలికంటిన జిగురు గీక్కుంటూ.
"ఇంకెవరికైనా తెలుస్తుందేమో చూద్దాం."
బ్యాంకులో ఆమెది వేలిముద్ర.

మొన్న మెర్జూగాలో, యాత్రికుల్ని దింపి
హోటల్ గుమ్మంలో బస్సు తాళాలతో నిలబడ్డాను.
గాజు వెనక రంపం.
చూడటానికి ముందే నా కళ్ళు లెక్కపెట్టాయి.
ఏడు.
ఇత్తడి పలక మీద అక్షరం తప్పు లేకుండా పేరు,
ఓంకోప్రిస్టిస్. కింద వయసు. కింద దొరికిన చోటు.
అత్త పోయి రెండు చలికాలాలు.

"నిజమైనదేనా?" అడిగిందొక ముసలావిడ, టోపీ తీస్తూ.
ఏ డబ్బాలో వెయ్యాలో తోచక కాసేపు ఊరుకున్నాను.
"పళ్ళన్నీ నిజమైనవే" అన్నాను.
ఆవిడ ఫొటో తీసుకుని గదికి వెళ్ళిపోయింది.

గాజు అడ్డం లేకపోతే
ఆ ఏడో పన్ను మొదట్లో
నాలుక ఆనించి చూసేవాణ్ణి,
పట్టుకుంటుందో లేదో.