లోపలికి తెలుపు

ఫ్లెక్సీలొచ్చి నా కుంచెల్ని డబ్బాలో నిలబెట్టాక
ఏడేళ్లకి దొరికిన పెద్ద పని ఇది:
కళింగపట్నం ఇసకలో వెల్లకిలా పడున్న
పాత తెరచాప పడవకి
కడుపులోపల రంగు.

"బయటైతే ఎవుడైనా ఏస్తాడు బావూ,
లోపలికి నువ్వైతేనే దూరగలవు"
అన్నాడు సూరాడ ఎల్లాజీ, నా బక్క భుజాలకేసి చూసి.
పొగిడాడో తిట్టాడో తేల్చుకునేలోపే
చేతిలో గీకుడు బద్ద పెట్టాడు.

ముక్కు దగ్గర, పలకల కింద,
మోకాళ్లు గడ్డానికి ఆనించి దూరితే
చీకటి. ఎండిన కవళ్ల కంపు.
ఓ మూల చిన్న పీత,
నాకంటే ముందు అద్దెకి దిగింది.

గీకాను.
పైపొర నీలం. "బడి గోడలకి ఎయ్యగా మిగిలింది" అన్నాడు.
దాని కింద పసుపు. మేనకోడలు చోడిపిల్లోరింటికి వెళ్లిననాటి
పందిరి గుంజల రంగట.
దాని కింద ఎరుపు. అడిగితే
నవ్వి సముద్రం వైపు తిరిగాడు.
వాళ్ల బావ ఆర్టీసీ డిపోలో పనిచేసేవాడని
సాయంత్రం టీ కొట్లో తెలిసింది.
ఇంకా కింద నలుపు,
లైటుహౌసు చారలకి పూయగా
డబ్బా అడుగున మిగిలిపోయిన రాత్రి.

ఒక్క రంగూ పడవ కోసం కొన్నది కాదు.
ఊరు తనకి ఎక్కువైందంతా తెచ్చి
ఈ కడుపులో పోసింది.

అన్నిటి కింద చెక్క.
గోటితో నొక్కితే కొన్నిచోట్ల రస్కులా చిట్లింది.
సింహాద్రాచారి వచ్చి కుళ్లినంత మేరా కోసి
కొత్త ముక్క అతికాడు.
"పాతదీ పాతదీ మాటాడుకోవు,
మజ్జిన ఒక కొత్తది ఉండాల" అని బీడీ ముట్టించాడు.
సందుల్లో నూనె దూది ఉలితో దిగ్గొట్టి
మరిగిన గుగ్గిలం పోశాం.
ఆ వేడికి చెక్క నిట్టూర్చిందని రాయాలనే ఉంది గానీ
నిట్టూర్చింది నేను, చెయ్యి కాలి.

రంగు దగ్గర పేచీ వచ్చింది.
లేతాకుపచ్చ అన్నాను. అంచు వెంట ఒక తీగ,
చాప కొయ్య మొదట్లో ఒక పద్మం.
సినిమా హాలు గోడల మీద పద్నాలుగేళ్లు
దేవతలకి చీరలు కట్టిన చెయ్యి ఇది, ఊరుకుంటుందా.
ఎల్లాజీ పెళ్లాం బోడెమ్మ
నెత్తిమీది తట్ట దించకుండానే అంది:
"తెలుపెయ్. ఉత్త తెలుపు.
నీరు దూరితే దానిమీదే ముందు కనపడతాది.
సక్కదనం సూడ్డానికా ఆడెల్తన్నాడు?"

నా పనిమీద ఇంతకంటే మంచి మాట
ఎవరూ అనలేదు.

రెండు పూతలు.
నడుమ ఒక వాన. వాళ్ల తెరచాపే తెచ్చి పైన కప్పాం,
నేను లోపలే ఉండిపోయాను.
వెలిశాక అతుకుల కన్నాల్లోంచి ఎండ దిగి
తడి తెలుపు మీద కాసేపు చుక్కలు పెట్టి
తనే చెరిపేసుకుంది.

ఆఖరున, ముక్కు కింద, ఎవరూ వంగనిచోట
సన్న కుంచెతో రాశాను:
గవరయ్య ఆర్ట్స్, ఏడు రోడ్ల జంక్షన్, శ్రీకాకుళం.
అక్షరం రాని ఎల్లాజీ తల లోపలికి పెట్టి
"ఏటి రాసినావు?" అన్నాడు.
"అడ్రస్సు."
"ఎవుడికి?"

నీళ్లలోకి తోసిన రోజు
తెలుపు మీద మూడు తడి గీతలు.
నా గుండె జారింది, అతను మాత్రం కదల్లేదు.
"తాగనీ. తాగి ఉబ్బి, దాని నోరు అదే మూసుకుంటాది."
మర్నాటికి రెండు.
మూడోనాడు చూద్దామని మొదటి బస్సుకే వెళ్తే
చోటు ఖాళీ.
దూరంగా, వంశధార నీళ్ల రంగు మారేచోట,
ఒక అతుకుల చాప.

బోడెమ్మ నా గోళ్లలోని తెలుపు చూసి
కొబ్బరి నూనె రాస్తే పోతుందంది.
రాయలేదింకా.