సున్నపు గీత

మా నాన్న కర్రోతు సన్నాసప్పడు
విజయనగరం కంటోన్మెంటు క్లబ్బులో మార్కరు.
తెల్లారకముందే ఎర్రమట్టికి నీళ్ళు చల్లి
రోలరు లాగి
డబ్బాలో సున్నం కలిపి గీత గీసేవాడు.
తాడు కట్టేవాడు కాదు.
ఊపిరి బిగబట్టేవాడు, అంతే.

"గీత మీద పడినాదంటే లోపలేనే గుంటా,
అంచు తగిల్నా సరే."
అ ఆ ల కన్నా ముందు నాకొచ్చిన చదువు అది.

జడ్జిగారు వదిలేసిన రాకెట్టు పిడికి
సైకిల్ ట్యూబు చుట్టి ఇచ్చాడు.
బంతులేరే పిల్ల
ఓ సాయంత్రం డాక్టరుగారి జోడీ రాకపోతే
కోర్టులోకి దిగింది.

తర్వాత సంగతి మీరు చదివే ఉంటారు
జిల్లా పేజీలో, కింద మూలన,
ఎప్పుడూ పేరు తప్పే.
అసిరితల్లిని ఒకసారి అప్పలతల్లి చేశారు.
పన్నెండేళ్ళు ఆడాను.
అన్నిటికన్నా బాగున్న ర్యాంకు నాలుగువందల పదకొండు.

నాలుగువందల పదకొండో మనిషి
హోటల్ సింకులో గౌన్లు ఉతుక్కుంటుంది.
కరెంటు కెటిల్లో అన్నం వండుకుంటుంది.
గెలిచిన చెక్కులో పన్ను పోగా
గట్టింగు ఖర్చు పోగా
మిగిలింది ఇంటికో ఫోను.

"తిన్నావేటే?"
"తిన్నాను నాన్నా."
"గెల్చినావా?"
ఆ ప్రశ్న ఎప్పుడూ రెండోదే.

తాష్కెంటు. క్వాలిఫయింగ్ చివరి రౌండు.
చిన్న పోటీల్లో గీతకి కాపలా ఉండదు,
ఎవరి వైపు గీతకి వాళ్ళే సాక్షి, వాళ్ళే జడ్జి.
మూడో సెట్టు. నాకు మ్యాచి పాయింటు.
అవతల మోకాలికి పట్టీ కట్టుకున్న పోలెండు మనిషి,
నాకన్నా పదేళ్ళు పెద్దది.
ఆవిడ బంతి నా వెనక గీత అంచుకి తగిలి లేచింది.
చూశాను.
మా క్లబ్బులో అయితే తెల్లటి పొడి ఎగిరేది.
అక్కడ సిమెంటు, పెయింటు.
ఏమీ ఎగరలేదు.
నా వేలు లేచింది.

ఆవిడ అంపైరుని పిలవలేదు.
నావైపు చూసింది, నెట్టు దగ్గరికొచ్చి చెయ్యిచ్చింది.
ఆ చెయ్యి తడి.

ఆ గెలుపు మీద మెయిన్ డ్రా,
మెయిన్ డ్రాలో రెండు మ్యాచులు,
వాటి మీద ఆ నంబరు,
ఆ నంబరు మీద రైల్వే ఉద్యోగం,
ఉద్యోగం మీద దాసన్నపేటలో డాబా.
ఆవిడ పేరు మాత్రం మళ్ళీ ఏ డ్రాలోనూ కనబడలేదు.
వెతికాను.
ఇప్పటికీ, నిద్రపట్టనప్పుడు.

ఆ రాత్రి ఫోన్లో
"గెలిచాను" అన్నాను, అడక్కముందే.
నాన్న కాసేపాగి
"గీతలు బాగా ఏసినారా అక్కడ?" అన్నాడు.
"పెయింటు నాన్నా. చెరగవు."

భుజం ఇక చాలంది. మానేశాను.
దండలు లేవు, సభ లేదు,
ఆ నెల జీతం మామూలుగానే పడింది.
నాన్నకి చెప్పాలనుకుంటూనే ఉన్నాను,
కేజీహెచ్ మంచం పక్కన కూడా.
ఆయన అడిగింది నా భుజం గురించి.

ఇప్పుడు పగలు రాయగడ పాసింజర్లో టికెట్లు చూస్తాను.
టికెట్టు లేనివాళ్ళు కిటికీలోకి చూస్తారు.
ఆ చూపు నాకు తెలుసు.
ఫైను రాసేటప్పుడు నా చేతిరాత వంకరపోతుంది.

సాయంత్రం క్లబ్బుకి పోతాను.
గీతలకని వాళ్ళు కొట్టించిన ప్లాస్టిక్ టేపు
మేకులతో సహా పీకేశాను.
సున్నమే వేస్తాను.
నాకు నాన్న చెయ్యి రాలేదు, తాడు కట్టుకుంటాను,
అయినా మూల దగ్గర కొంచెం ఒంగుతుంది.

నిన్న మీసాల వారి రిషిత, పదకొండేళ్ళది,
తనకన్నా పొడుగు పిల్లతో ఆడుతోంది.
ఒక్క పాయింటు చాలు గెలవడానికి.
అవతలి బంతి ఆ ఒంగిన మూలలో పడింది.

"మేడమ్, లోపలా, బయటా?"

నేను చూశాను.
"నీ వైపు గీత. నువ్వే చెప్పాల" అన్నాను,
నాన్న గొంతులా వచ్చింది.

రాకెట్టు కింద పెట్టి
మోకాళ్ళ మీద కూర్చుంది.
బాబామెట్ట వైపు బండేదో కూతేసుకుంటూ పోయింది.
అవతలి పిల్ల నడుం మీద చేతులేసుకుని నిలబడింది.
రిషిత ఇంకా వంగి,
చూపుడు వేలితో
తాకీ తాకకుండా
ఆ గుర్తు చుట్టూ గీస్తోంది.