ఇరవై

ట్రామ్ నడిపేవాళ్లం
మనుషుల్ని కాళ్లతో గుర్తుపడతాం.
ముఖాలు గొడుగుల కింద, ఫోన్ల మీద ఉంటాయి.
కాళ్లు దాచలేరు ఎవరూ:
పరిగెత్తేవి, తటపటాయించేవి,
బండి వస్తుందని తెలిసీ పందెం కాసేవి.

అక్టోబరు. వూచ్ నగరంలో సన్న చినుకు.
పట్టాల మీద లిండెన్ ఆకులు నానిపోయి
సబ్బుముక్కల్లా ఉన్నాయి.
నా పన్నెండో నంబరు బండి నలభై టన్నులు,
పైన డెబ్బై మంది,
వాళ్లలో ఊరుకోని ఒక చంటిబిడ్డ.

సిగ్నల్ నాది.
అయినా అడ్డంగా వచ్చింది స్కూటర్,
ఒకే పలక మీద నాలుగు కాళ్లు.

గంట కొట్టాను. బ్రేకు చివరిదాకా నొక్కాను.
చక్రాల కింద ఇసుక కురిసింది.
లోపల ఎవరి కాఫీయో ఎవరి కోటు మీదో పడింది.
స్కూటర్ చిన్న చక్రం పట్టా సందులో చిక్కి,
రెప్పపాటు ఆలోచించుకుని,
వదిలింది.

వెనక నిలబడ్డ గుస్తావ్ తిరిగి చూశాడు.
ముందువాడు చూడలేదు.
చూడక్కర్లేదు.
ఆ ఆకుపచ్చ మేజోళ్లు ఉతికేది నేనే.

డిపోలో కాగితం నింపాను:
"ఇద్దరు పిల్లలు. ఎవరో తెలియదు."
నా చేతిరాత ఎప్పుడూ లేనంత గుండ్రంగా ఉంది.

ఇంటికెళ్తే తిమోన్ సూప్ తాగుతున్నాడు.
తిడదామని నోరు తెరిచాను.
మాట రాలేదు.
ఎందుకంటే మార్చిలో, వాడి పన్నెండో పుట్టినరోజుకి,
లేషెక్ దుకాణంలో ఆ స్కూటర్ కొన్నది నేను.
ఇరవై దాటకుండా కంపెనీ వేసిన తాళాన్ని
ఎనభై జ్వోతీలిచ్చి విప్పించింది నేను.
"రోడ్డెక్కించకండేం," అని లేషెక్ కన్ను గీటాడు.
నేనూ నవ్వాను.
ఆ నెలంతా నైట్ డ్యూటీలు.
ఏదో ఒక్కటైనా కాదనకుండా ఇద్దామనిపించింది.
స్కూల్లో సైకిల్ కార్డు పరీక్ష పెడతారని,
అది లేనిదే వీడు బయట నడపకూడదని
తెలుసు నాకు.
తర్వాత చూద్దాంలే అన్నాను.
కంచెను నేనే. చేను మేసిందీ నేనే.

ఆదివారం డిపోకి తీసుకెళ్లాను.
ఖాళీ పట్టాల పక్కన సుద్దతో గీత గీసి,
"ఇక్కడ నిన్ను చూశాననుకో. నడు, నేను ఆగమనేదాకా."
లెక్కపెడుతూ నడిచాడు.
ముప్ఫై ఒకటి దగ్గర ఆగి, "ఇంకానా?"
"నడు."
నలభై. యాభై.
యాభై నాలుగు దగ్గర వాడి గొంతు సన్నబడింది.
"ఇక్కడ ఆగుతుంది బండి," అన్నాను,
"ఆకులు తడిగా లేకపోతే."

చాలాసేపు సుద్దగీత వైపే చూశాడు.
ఇంత దూరం నుంచి అది దారప్పోగులా ఉంది.
"నేనని రాశావా?"
"లేదు."
"అయితే ఇద్దరం తప్పించుకున్నట్టేగా అమ్మా."

ఆ మాట రాత్రంతా నా దిండు కింద
గులకరాయిలా గుచ్చింది.

సోమవారం కాగితం మార్చి రాశాను.
సూపర్‌వైజర్ రెండుసార్లు చదివి,
కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ఏమీ అనలేదు.
జీతంలో కోత మాత్రం పడింది.
లేషెక్ అయితే పగలబడి నవ్వాడు:
"విప్పడానికి డబ్బిచ్చారు, వేయడానికీ ఇస్తారా!"
ఇచ్చాను. వాడి ఎదురుగానే లెక్కపెట్టి.

చలికాలమంతా స్కూటర్ మెట్ల కిందే ఉంది,
బంగాళదుంపల బస్తాకి ఆనుకుని.
రాత్రిళ్లు వంటింటి బల్ల మీద గుర్తుల బొమ్మలు పరిచి
వాడు నన్ను అడిగేవాడు.
పద్దెనిమిదేళ్లుగా బండి నడుపుతున్నాను,
రెండు తప్పు చెప్పాను.

ఏప్రిల్లో కార్డు వచ్చింది.
ఫొటోలో వాడి జుట్టు హెల్మెట్‌కి అణిగిపోయి ఉంది.
"ఇరవై అంటే మరీ నెమ్మదమ్మా,
కుక్కలు కూడా దాటిపోతున్నాయి."
"పోనీ. వాటికి కార్డు లేదు."

ఇవాళ పొద్దున స్టాపులో తలుపులు తెరిచి ఉండగా
సైకిల్ బాటలో పక్కనుంచి వెళ్లాడు.
ఒక పలక. రెండు కాళ్లు. ఆకుపచ్చ మేజోళ్లు.
నా వైపు చూడలేదు, దారినే చూస్తున్నాడు.

గంట ఊరికే కొట్టకూడదు, రూలు.
కొట్టలేదు.
చెయ్యి మాత్రం దాని మీదే ఉంది,
వాడు మలుపు తిరిగేదాకా.