మడ్డి

నరీన్ ఊళ్ళో జనవరి.
రాత్రి మైనస్ ముప్పై రెండు.
నా షెడ్డు గొళ్ళెం వట్టి చేత్తో ముట్టుకుంటే
తోలు అడుగుతుంది.

కనింబూబు వచ్చింది, కాలినడకన.
రాత్రి రెండింటికి పైఊరి నుంచి ఫోనట,
నొప్పులు మొదలయ్యాయని.
మంత్రసాని బయల్దేరింది, కారు బయల్దేరలేదు.
తాళం తిప్పితే ఆ పాత నివా
నిద్రలో పక్కకి తిరిగే ముసలాడిలా
ఒక్క మూలుగు మూలిగి మళ్ళీ ముసుగు తన్నింది.
చివరికి పాల లారీ ఎక్కి వెళ్ళేసరికి
బిడ్డ తనంతట తానే వచ్చేసి
మేనత్త ఒళ్ళో ఏడుస్తోందట.
"ప్రతిసారీ లారీ దొరకదు, ఒముర్జాక్.
ఆ నూనె మార్చెయ్."

డిప్‌స్టిక్ లాగాను. చుక్క రాలలేదు.
బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సాగదీశాను,
తీగపాకం దాటి ఉండపాకానికొచ్చింది.
ఈ చలిలో మామూలు ఆయిలు అంతే,
తెల్లారగట్ల దానికి నడక రాదు.
సింథటిక్ అయితే పారుతుంది, నిజమే.
కానీ అది పండగ ముందు ఇల్లు కడిగే మనిషిలాంటిది,
ఏ మూలా వదలదు.
ఇరవై తొమ్మిదేళ్ళ మడ్డి
సీళ్ళ పగుళ్ళలో పేరుకుని ఉంటుంది.
ఆ మడ్డే ఇన్నాళ్ళూ
బీటలకు మెత్తిన మట్టి.
పని నేర్పిన షైలోబెక్ అనేవాడు:
"ముసలి ఇంజనుకు తలంటు పొయ్యకురా.
మురికి కూడా ఒక విడిభాగమే."

ఇదంతా చెప్పాను. కారుతుందమ్మా, అన్నాను.
ఆమె చేతితొడుగులు తియ్యలేదు, కూర్చోలేదు.
"ఇప్పుడు కారడం లేదా,
కారేది కనబడడం లేదా?"
జవాబు లేక రెంచీ వెతుక్కున్నాను.

బ్లోలాంపుతో అడుగున సెగ పెట్టి
బోల్టు విప్పితే
దిగింది నెమ్మదిగా, నల్లగా,
బకెట్టులోకి చప్పుడు లేకుండా.
ఈలోగా ఆమె డ్యాష్‌బోర్డు అరలోంచి
నోటుపుస్తకం తీసింది.
కారు వాళ్ళన్న మెలిస్‌ది.
ప్రతి ఆయిలు మార్పూ నీలం సిరాతో,
తేదీ, కిలోమీటర్లు, ఖర్చు.
ఒక పేజీ మధ్యలో ఆయన రాత ఆగి
ఆమె రాత మొదలవుతుంది.
నూనె పేరు మాత్రం మారలేదు,
ఇవాళ్టి దాకా.
కొత్త పేరు రాసేటప్పుడు
పెన్ను గట్టిగా నొక్కింది, కింది పేజీకి అచ్చుపడేలా.

మర్నాడు మైనస్ ముప్పై నాలుగు.
ఒక్క తిప్పుకే అందుకుందని కబురు.

ఎనిమిది వందల కిలోమీటర్లయ్యాక,
డొలోన్ కనుమ రెండుసార్లు ఎక్కి దిగాక,
మంచు మీద మూడు చుక్కలు.
తర్వాత ఏడు.
బిస్కెట్ల అట్టపెట్టె చింపి కింద పరిచి
ప్రతి చుక్క పక్కనా తేదీ వేసి పట్టుకొచ్చింది,
జ్వరం చీటీలాగా.
చెప్పానా లేదా అన్నమాట
నా నాలుక చివరికొచ్చి కూర్చుంది.
ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గే.
ఆమె అంది:
"పురిటిగదిలో రక్తం కనబడితే
దుప్పటి కప్పను.
ఎక్కణ్ణించో చూస్తాను. చూడు."

గేర్‌బాక్సు దింపాను. ఒకటిన్నర రోజు.
క్రాంకు వెనక సీలు
గోటితో నొక్కితే పొడిరొట్టెలా విరిగింది.
రబ్బరని ఎవరంటారు దాన్ని.
ఎన్నేళ్ళుగా లేదో అది,
ఉన్నట్టే నడిచింది బండి.

కూలీ సగమే తీసుకున్నాను.
మా రెండోవాడి బొడ్డు కోసింది ఆమే.

అట్ట మీద ఇంకా ఒక చుక్క పడుతోంది.
అది గేర్‌బాక్సుది.
దాని సంగతి మంచు కరిగాక చూద్దామంది.

నిన్న రాత్రి మూడింటికి
మా వీధి చివర తాళం తిరిగిన చప్పుడు.
నేను లేవలేదు.
మా ఆవిడే దుప్పట్లోంచి లెక్కపెట్టింది:
"ఒకటి."
రెండోది వినబడలేదు.