శివారు తూము

పాలకొల్లులో కొన్నాను,
అట్టపెట్టె వాసన ఇంకా పోలేదు.
దీని కడుపులో ఇంకో కంప్యూటర్ని నడుపుదామని కూర్చుంటే
ఒకటే మాట: వర్చువలైజేషన్ డిసేబుల్డ్.

లేదనదు. ఉందట. కట్టేసి ఉందట.
ఎఫ్ టూ నొక్కితే నీలం తెర, పాస్‌వర్డ్ అడిగింది.
షాపు కనకరాజుకి ఫోను చేస్తే
“అదెందుకండీ మీకు, సినిమాలు ఆడుతున్నాయి కదా!”

రాత్రి పదకొండు.
కిటికీ అవతల కాలవ ఒడ్డులొరుసుకుని పారుతోంది,
మా శివారు నారుమడి నెర్రెలిచ్చింది.
తూము తాళం లస్కరు ఏసుపాదం మొలతాట్లో,
ఏసుపాదం నరసాపురం పెళ్లిలో.

1234 కొట్టాను. కాదంది.
కనకరాజు ఫోన్ నంబరు కొట్టాను. కాదంది.
మూడోది తప్పితే ఆగిపోతానంది.

వేలు గాల్లోనే ఉంది.
కాలవ మాత్రం
ఎవర్నీ ఏ మాటా అడక్కుండా
సముద్రం పాలవుతోంది.