ఎడమ డొక్క

గుణుపురంలో బస్సు దిగేసరికి
చెప్పులకింకా మేకల దొడ్డి అంటుకునే ఉంది.
కాలేజీ గేటు పక్క కుళాయి కింద
పుల్లతో గీకి మరీ కడిగాను.
పశువుల డిప్లమాలో చేరేదాన్ని
దేనికి సిగ్గుపడ్డానో.

హాజరు ఒడియాలో పిలిచారు.
గొర్లె దాలమ్మ అన్న రెండు ముక్కలు
సారు నోట్లో గుండ్రంగా తిరిగి
"గొర్లే దాలొమ్మా" అయి బయటికొచ్చాయి.
నేనే కాబోలనుకుని చెయ్యెత్తాను.

పుస్తకం ఇంగ్లీషులో, పాఠం ఒడియాలో.
పక్కన కూర్చున్న జమంతి గొమాంగో
సవరలో ఏదో గొణుక్కుని నవ్వుతుంది.
బల్లకు కట్టిన మేక
అందరికీ అర్థమయ్యేలా ఒక్కసారి అరిచింది.

సారు దాని పెదవి విప్పి చూపించారు.
నాలుగు పళ్లు. రెండేళ్లన్నమాట.
మేకకి పుట్టిన తేదీ నోట్లోనే ఉంటుంది.
నాకు బళ్లో వేసిన మాస్టారు
జూన్ ఒకటి అని రాసేశాడు.
ఆ ఏడు మా వీధి పిల్లలందరం
జూన్ ఒకటినే పుట్టాం.
అమ్మనడిగితే
"ముప్పయ్యేడు మేకలు పోయిన ఏడుకి
నీకు అడుగులొచ్చేయి" అంటుంది.

అడుగులు.

ఎర్రయ్యమ్మ పిన్ని కొత్తకోడలై వచ్చిన తొమ్మిదో రోజు
మొదటి మేక ముక్కు కారింది.
తర్వాత నోటి పుళ్లు, ఆ తర్వాత పారుడు.
పసుపు రాశారు. వేపమండలు కట్టారు.
అమ్మోరికి కోడిని కోశారు.
పదహారో రోజుకి మిగిలినవి
ఒక పోతు, రెండు పిల్లలు,
ఒక మాట: దాని అడుగు.

ఆ మాట గట్టిగా ఎవరూ అనలేదు.
అనాల్సిన పని పడలేదు.
సూడిమేక దగ్గరికి పిన్ని రాకూడదు.
సంతకెళ్లే పూట పిన్ని ఎదురు పడకూడదు.
పదిహేడేళ్లుగా పిన్ని
దొడ్డిని చుట్టి తిరిగి
పెరటి గుమ్మంలోంచి ఇంట్లోకొస్తుంది.

రెండో వారం స్టెతస్కోపు ఇచ్చి
ఎడమ డొక్క మీద పెట్టి వినమన్నారు.
ముందు ఏమీ లేదు.
తర్వాత ఎక్కడో కొండవెనక
వంశధార మలుపు తిరుగుతూ
రాళ్లు దొర్లించినట్టు, ఒకసారి.
నిమిషానికి ఒకటీ రెండూ వస్తే బాగున్నట్టట.
తాత అక్కడే పిడికిలి ఆనించి
కళ్లు మూసుకునేవాడు.
ఆయనకెవరూ మార్కులు వెయ్యలేదు.

శుక్రవారం బోర్డు మీద మూడక్షరాలు:
పి.పి.ఆర్.
కింద వరసగా ముక్కు, నోరు, పారుడు.
నా కలం ఆగిపోయింది.
సుద్దముక్కతో మా దొడ్డి గీస్తున్నారు సారు.

చెయ్యెత్తి, వచ్చీరాని ఒడియాలో అడిగాను:
మనిషి అడుగుతో వస్తుందా సార్?
క్లాసు నవ్వింది. సారు నవ్వలేదు.
"రోగమున్న దొడ్డి తొక్కిన చెప్పులతో రావచ్చు,
ఎవరి చెప్పులైనా.
ఎక్కువగా వచ్చేది మాత్రం
సంతలో కొన్న మేకతో."

పెళ్లి విందుకని బాబు
మునిగుడ సంతలో రెండు పోతులు కొన్నాడు.
ఒకదాని ముక్కు అప్పటికే కారుతోందని
బేరంలో యాభై తగ్గించాడట.
పండక్కీ పబ్బానికీ మా ఇంట్లో
ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకునే కథ.
పిన్ని కూడా నవ్వేది.

రాత్రి హాస్టలు మేడమెట్ల మీంచి ఫోన్ చేశాను.
బాబుకి కాదు.
పిన్ని మొత్తం విన్నది.
సంతా, పోతూ, ముక్కూ, మూడేళ్లకొక్క సూదీ.
చాలాసేపు ఊపిరి తప్ప ఏమీ లేదు,
మేక డొక్క మీద మొదటిసారి
చెవి పెట్టినప్పటిలాగ.

"దాని పేరేటన్నావు? మల్లీ సెప్పు."
చెప్పాను.
"పీ..."
"పీపీయారు."
తనలో తనే మూడుసార్లు అనుకుంది,
తప్పిపోయిన మనిషి పేరేదో
ఇన్నాళ్లకి తెలిసినట్టు.

"ఉండు గుంటా,
సూడిమేక నిలబడనేకుంది. ఈనీసేలాగుంది."
ఫోన్ కట్టెయ్యడం మర్చిపోయింది.

దొడ్డి తడిక
తీసిన చప్పుడు.